తువ్వాలు కింద వేళ్ళు

మా నాయన దళారి.
ఎద్దుల సంతలో ఆయన బేరం నోటితో చెయ్యడు.
తువ్వాలు కింద చెయ్యి దూర్చి
ఎదుటోడి వేళ్ళు రెండు నొక్కుతాడు, ఒకటి వంచుతాడు.
పక్కనే నిలబడి నెమరేస్తున్న ఎద్దుకు కూడా
తన ధర తెలియదు.

"బయటపడిన ధర ధరే కాదుమే" అంటాడు.
ఆ రహస్యంతోనే
నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించాడు.

చిత్తూరు, సంతపేట, మేడ మీది రేకుల గది.
పగటి ఎండ రేకుల్లోంచి ఇంకా దిగుతూనే ఉంటుంది,
నేను క్షయ పురుగు జన్యువుల ముందు కూచుంటాను.
నాలుగు వేలకు చిల్లర.
ఒక్కరు చదివితే జీవితం చాలదని
కాలవ పూడికతీతలో ఇంటికిన్ని గజాలు కొలిచిచ్చినట్టు
దేశమంతా పంచుకున్నాం.
నా వంతు నలభై మూడు.
కూలి లేదు, మేస్త్రీ లేడు,
పక్క గజం తవ్వేవాడి మొహం ఎప్పుడూ చూడలేదు.

గోడ అవతల దొరసానమ్మ.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కోసి కోసి
సొన కాల్చిన వేళ్ళు.
మాత్రలు మొదలుపెట్టిన రోజు పొద్దున్నే తలుపు కొట్టింది:
"ఒంటేలు ఎర్రగా పోతా ఉంది పాపా, రగతమా?"
కాదు, మందు రంగు అని చెప్పాను.
ఆరు నెలలన్న మందు
పద్దెనిమిది నెలల మందుగా మారినప్పుడు
ఆమె మళ్ళీ ఏమీ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

కాలేజీ ల్యాబులో ఈ ఏడు పదకొండు అణువులు పరీక్షించాను.
పది, పురుగును గిల్లను కూడా లేదు.
"ఓడిపోయినవి ఎవరు అచ్చేస్తారు,
బీరువాలో పెట్టు" అన్నారు సారు.
పెట్టలేదు. పదీ అందరి పట్టికలో పరిచేశాను,
తేదీలతో, తూకాలతో,
కరెంటు పోయి పాడైన రెండు రాత్రులతో సహా.

ఏడోది మాత్రం పరచలేదు.
అది పని చేసేట్టుంది.

మూడు వారాలు దాచాను.
అన్నం తింటూ దాన్నే తలుచుకున్నాను,
బస్సులో కిటికీ పక్కన కూచుని నవ్వుకున్నాను.
గోడ అవతల దగ్గు వినబడితే
ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అని లోపలే అన్నాను.
ఒక రాత్రి నా చేతి మీద చూసుకుంటే
కనపడని తువ్వాలు ఉంది.

పెట్టేశాను.

రెండో రోజే అగర్తల నుంచి ఒకాయన.
రాత్రి గిడ్డంగికి కాపలా, పగలు ట్యూషన్లు చెప్తాడట.
"అక్కా, ఏడో వరసలో చుక్క ఒక ఇల్లు జరిగింది, చూడండి."
చూశాను.
జరిగింది.
పది మెట్లు ఎక్కానని అనుకున్నది
ఒక్క మెట్టు కూడా కాదు.

చెవులు కాలిపోయాయి.
తప్పును చెరిపెయ్యకుండా, మీద గీత మాత్రం కొట్టి
పక్కన సరైన అంకె రాశాను.
పదకొండూ ఓడిపోయాయి.

మూడు రోజులకు ఎవరో, పేరు లేదు, ఊరు లేదు,
ఒక్క వాక్యం:
"అదే పొడి మా బల్ల మీద ఉంది, ఇక సీసా మూత తియ్యం. బతికించారు."
బతికించడం అంటే
అంత చిన్నది కూడా ఉంటుందని
అప్పటిదాకా తెలియదు నాకు.

నాయన సంత నుంచి వచ్చి
భుజం మీది తువ్వాలు కుర్చీకి వేసి
తెరలోకి వంగి చూశాడు.
"అంతా ఇట్లా ఆరబోసినావే,
ఎవురన్నా ఎత్తుకోని పోతే?"
"ఎత్తుకోని పోవాలనే, నాయనా."

చానాసేపు మాట్లాడలేదు.
తర్వాత ఒట్టి చెయ్యి చాపాడు.
"ఎన్ని పోయినాయి?"
అలవాటు కొద్దీ ఆయన వేళ్ళే పట్టుకున్నాను.
ఐదు నొక్కి, మళ్ళీ ఐదు నొక్కి,
చిటికెన వేలు ఒక్కటి వంచాను.

"పదకొండు" అన్నాడు పైకే.
ఆయన నోట అంకె వినడం అదే మొదలు.

గోడ అవతల దొరసానమ్మ దగ్గింది.
ఇద్దరం అట్లే
చేతులు వదలకుండా
ఆ దగ్గు ఆగేదాకా విన్నాం.